సునీల్ పేరు మీది కాయితం

కోరుట్లలో డిటెక్టివ్ లక్ష్మీరాజం ఆఫీసు మెట్లెక్కేసరికి బాలవ్వకు ఆయాసంతో పాటు ఏడుపూ వచ్చింది. కొడుకు సునీల్ భివండి నుంచి సిరిసిల్లకు తిరిగొచ్చి మూడు నెలలు. రాత్రి డ్యూటీలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. కార్మికుల ఆరోగ్య సర్వేలో అతని పేరు మీద తొమ్మిది ప్రశ్నల కాయితం వచ్చింది. మనసు బాగా కుంగిందని, డాక్టరుకు చూపించాలని అందులో ఉంది. అది చూసి సాంచెల యజమాని, ఆసామి కిష్టయ్య, పని మాన్పించాడు. సునీలేమో తననెవరూ ఏమీ అడగలేదంటాడు.

"నా కొడుకు నాకు దక్కుతడా సారూ? వాడు దాస్తున్నడా, ఎవలన్న పగబట్టి రాసిండ్రా?"

లక్ష్మీరాజం చదివి కాయితాన్ని అసిస్టెంటు సరోజనకిచ్చాడు. రాత్రి నాలుగుసార్లు మెలకువ. అన్నం సయించదు. ఏదో కీడు జరుగుతుందని గుండె దడ.

"సర్వేకు ఎవలచ్చిండ్రు అవ్వా?"

రేణుక అనే పిల్ల పొద్దున పదింటికి వచ్చిందని, సునీల్ నిద్రలో ఉంటే తానే మాట్లాడి పంపానని చెప్పింది బాలవ్వ. వాడు అన్నం బాగానే తింటాడట. బాగా తినేవాళ్లే ఏదో ఒకటి చేసుకుంటారని మళ్లీ కళ్లొత్తుకుంది.

మరునాడు సాయంత్రం రేణుకను, కిష్టయ్యను కూడా పిలిపించి బాలవ్వ ఇంట్లోనే అందరినీ కూర్చోబెట్టాడు లక్ష్మీరాజం.

"రాత్రంత సాంచెల కాడ నిలబడేటోడు, రాత్రి నాలుగుసార్లు నిద్రల నుంచి ఎట్ల లేస్తడు? గీ ఇంట్ల రాత్రి పండుకునేది ఒక్కలే."

అందరి చూపులూ బాలవ్వ మీదికి తిరిగాయి. జాబితాలో కార్మికుల పేర్లే ఉన్నాయని, కొడుకు సంగతి అడిగితే తల్లి తన గోడు చెప్పుకుందని, అది పోల్చుకోలేక అతని పేరు మీద రాశానని రేణుక తల దించుకుంది. నాలుగుసార్లు చదివినా తనకెందుకు తట్టలేదా అని సరోజన ఆయన వంకే చూస్తోంది.

"రాసింది అబద్ధం గాదు, పేరే తప్పు," అన్నాడు లక్ష్మీరాజం. "ఎవలి మనసు సంగతి వాళ్లనే అడగాలె."

రేణుక అక్కడే సునీల్‌ను అన్నీ మళ్లీ అడిగింది. అలసట తప్ప ఏమీ తేలలేదు. కిష్టయ్య గొంతు సవరించుకుని రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు.

"ఎల్లుండి వస్త కిష్టన్నా. రేపు అవ్వను జగిత్యాల డాక్టరు కాడికి తోల్కపోవాలె."

కొడుకు బాగున్నాడు, ఇంక తనకు డాక్టరెందుకంది బాలవ్వ. ఆమె ఒళ్లంతా తేలికైపోయింది.

"భివండిల ఉంటే రోజు ఫోన్ చేసి తిన్నవా అనేదానివి. నువ్వు తిన్నవా అని నేనొక్కనాడన్న అడిగిన్నా?" అన్నాడు సునీల్.

రేణుక కొత్త కాయితం తీసి పైన బాలవ్వ పేరు రాసింది. మొదటి ప్రశ్న చదివింది. బాలవ్వ కొడుకును జర బయట కూర్చోమంది.

వింటే వాడు భయపడతాడట.