గ్లాసు అడుగున పేరు

శనివారం పొద్దున్నే మార్లిస్ చర్చివాళ్ళ పాత సామాన్ల కొట్టులో దూరింది. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో గాజు ఫ్యాక్టరీ మూతపడి ముప్పయ్యేళ్ళయినా, పాత గ్లాసుల కోసం ఎగబడేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళందరిలోకీ తన చూపే చూపని మార్లిస్ నమ్మకం.

కాఫీ కప్పుల వెనక, సన్నటి కాడ మీద నిలబడ్డ గ్లాసొకటి కనిపించింది. వెలుతురుకెత్తి గోరుతో గీసింది. సానచక్రం మీద కోసిన బొమ్మయితే గోరుకు తగులుతుంది. ఇది నున్నగా, మంచు పట్టినట్టుంది. యాసిడ్‌తో వేసిన బొమ్మే! చుట్టూ ద్రాక్షతీగ, దాని రెండు చివరలూ కలిసే అతుకు దగ్గర ఒక వంకర ఆకు. అమ్మ గ్లాసులన్నిటికీ ఉన్న వంకరే. అడుగున వేలు పెడితే టేపు జిగురు తగిలింది. అమ్మ తదనంతరం తనకే దక్కాలని పేరు రాసి తాను అంటించిన టేపు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

గ్లాసు కొని నేరుగా అన్న ఇంటికెళ్ళింది. వదిన డోరీన్ గుడ్లు వేయిస్తోంది. తల్లి వెల్డా బల్ల దగ్గర కూర్చుంది.

"నా పేరు పీకేసి చర్చికి దానం చేశావా వదినా? ఎంత పుణ్యాత్మురాలివి!"

"నేను ముట్టుకుంటే ఒట్టు! అయినా నీ పేరేంటి? నా టేపు మీద నీ టేపు అంటించిందెవరు? పదకొండేళ్ళుగా అత్తయ్యకి అన్నీ చేస్తున్నది నేను. నువ్వొచ్చేది గ్లాసులు చూసుకోడానికి!"

"నోరు జాగ్రత్త!"

వెల్డా చెంచాతో బల్ల మీద కొట్టింది. "నేనే ఇచ్చాను. నిన్న చర్చి బండి వస్తే పన్నెండు గ్లాసులూ పెట్టెతో సహా ఇచ్చేశాను. వంటనూనె రాసి ఇద్దరి పేర్లూ వదలగొట్టాను. మార్లిస్, నీ టేపే నీలాగా మొండిది."

"ఎందుకమ్మా?"

"గడియారం వెనక మీ పేర్లు, నేను కూర్చున్న కుర్చీ కింద మీ పేర్లు. నేనింకా బతికే ఉన్నానే!"

"ఈ గ్లాసు విలువ తెలుసా నీకు? అతుకు దగ్గర ఆ లోపమే లేకపోతే..."

వెల్డా గ్లాసు లాక్కుంది. చూపు మందగించినా వేలు సరిగ్గా ఆ ఆకు మీదికే వెళ్ళింది.

"లోపమా? ముప్పై ఒక్కేళ్ళు ఫ్యాక్టరీ మైనం గదిలో పని చేశానే. గ్లాసుకు చుట్టి అద్దే బొమ్మ కాగితం చివరలు కలవని చోట మైనం పూసి, గుండుసూదితో ఒక ఆకు గీసేదాన్ని. యాసిడ్‌లో ముంచితే మైనం పోయిన గీతల్లోనే గాజు తిని, ఆ ఆకే పడేది. ఫ్యాక్టరీవాళ్ళు ఇవ్వని బొమ్మ ఇదొక్కటే. ఇది నాది."

ఊళ్ళో గ్లాసులన్నిటి పుట్టుపూర్వోత్తరాలూ చెప్పగల మార్లిస్, అమ్మ ఆ గదిలో ఏం చేసేదో ఒక్కసారీ అడగలేదు. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

"మిగతా పదకొండూ ఇంకా ఆ కొట్టులో పెట్టెలోనే ఉంటాయి వదినా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వూ రా. అమ్మని తీసుకెళ్దాం. తన ఆకుల్ని తనే గుర్తుపడుతుంది."

డోరీన్ పొయ్యి ఆపి, అత్తగారి కోటు తెచ్చింది.

"వస్తాను," అంది వెల్డా. "ముందు మీరు పేర్లు రాసి అంటించే ఆ టేపు చుట్ట చెత్తబుట్టలో పడెయ్యండి."