దాల్చినచెక్క వాసన తెలియనివాడు

"ఇదేంటండీ?" అంది ఫర్హానా, కవరు కౌంటరు మీద పెడుతూ.

కారం మిల్లు హోరులో కలీంకి సగమే వినిపించింది. స్విచ్ ఆపి, కనుబొమల మీది ఎర్రపొడి తుడుచుకుంటూ వచ్చాడు.

"దాల్చినచెక్క పొడి. పొద్దున మీరు పట్టించుకున్నదే."

"ఒకసారి వాసన చూసి చెప్పండి."

కలీం కవరు విప్పి, కళ్ళు మూసుకుని గుండెనిండా పీల్చాడు. "ఫస్ట్ క్లాసండీ. దాల్చినచెక్క ఘుమఘుమలాడిపోతోంది."

"అది జీలకర్రండీ."

వెనక మిరపకాయల బస్తా దించుతున్న పనివాడు ఆదాం పక్కున నవ్వాడు. ఫర్హానా కూడా నవ్వబోయి, కలీం మొహం చూసి ఆగిపోయింది. పరీక్ష హాల్లో స్లిప్పుతో దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

"కవర్లు మారినట్టున్నాయి," అన్నాడు తల దించుకుని. "గంటలో మీ ఇంటికి తెచ్చిస్తాను."

దాల్చినచెక్క పొడి పక్కవీధి వెంకటేశ్వరమ్మ ఇంటికి వెళ్ళింది. కలీం వెళ్ళేసరికి ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏరా కలీం, చారు పెడితే బిర్యానీ వాసనొస్తోంది. మీ నాన్న ఉన్నప్పుడు ఇట్టా ఉండేదా?"

"తప్పయిపోయిందత్తా," అని మిగిలిన పొడి తీసుకుని బయటపడ్డాడు.

ఫర్హానా వాళ్ళ వంటింట్లో గట్టు నిండా మైదా, వెన్న, పంచదార. ఆమె కవరు అందుకుని విప్పి కూడా చూడలేదు.

"మీకు వాసనలు తెలీవు కదూ?"

కలీం వీధివైపు చూశాడు. "గట్టిగా అనకండి."

"ఎప్పట్నుంచి?"

"కోవిడ్ వచ్చి తగ్గినప్పట్నుంచి. నాన్న మోకాలి ఆపరేషన్ అయ్యాక ఏడాదిగా మిల్లు నేనే చూస్తున్నా. మా నాన్న సంగతి మీకు తెలుసుగా. కాయ తుంచి వాసన చూస్తే ఏ ఊరి చేలోదో చెప్పేస్తాడు. ఆ మనిషికి నీ కొడుక్కి ముక్కు పనిచేయట్లేదని ఎట్టా చెప్పను?"

చిలకలూరిపేటలో కలీం తండ్రి ఇమాం హుస్సేన్ ముక్కు గురించి తెలియనివాళ్ళు లేరు. ఫర్హానాకి నవ్వు రాలేదు.

"నేనెవరికీ చెప్పను," అంది. "కానీ మీ వల్ల నాకు ఒక పూట పోయింది. శనివారం మా ఫ్రెండ్ షారోన్ పెళ్ళి, మూడొందల కుకీలు కావాలి. ఇది సరిగ్గా చేసిస్తే ఇంట్లోనే బేకింగ్ చేసుకోనిస్తానంది మా అమ్మ. లేకపోతే గుంటూరు చీరల షోరూములో ఉద్యోగానికి వెళ్ళాల్సిందే. సాయంత్రాలు వచ్చి పిండి ఒత్తుతారా?"

"నాకు చపాతీ కూడా రాదండీ."

"మంచిది. మర్చిపోవాల్సింది ఏమీ ఉండదు."

ఆ సాయంత్రం నుంచి మిల్లు కట్టేసి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కలీం వచ్చేవాడు. ఫర్హానా తల్లి ఖుర్షిదా హాల్లో సీరియల్ చూస్తూ, ఒక చెవి మాత్రం వంటింటికి వదిలేది.

పని అంత తేలికేం కాదు. వెన్న, పంచదార కలిపిన మైదా పిండిని పలచగా ఒత్తాలి. దాని మీద కరిగిన వెన్న రాసి, దాల్చినచెక్క పొడి, పంచదార చల్లి, చాప చుట్టినట్టు చుట్టాలి. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక దారంతో బిళ్ళలుగా కోస్తే లోపల గోధుమరంగు సుడులు కనిపిస్తాయి.

"అంత బలంగా కాదండీ. అలిగినవాళ్ళ వీపు నిమిరినట్టు ఒత్తాలి."

"మీరలిగితే వీపు నిమరనిస్తారా?"

హాల్లో టీవీ సౌండు తగ్గింది. ఇద్దరూ ఒకేసారి పిండి మీదికి వంగారు.

రోజూ పని మొదలుపెట్టే ముందు ఫర్హానా లవంగాలు, నిమ్మతొక్క, దాల్చినచెక్క ఒక్కొక్కటిగా అతని ముక్కు దగ్గర పెట్టేది. అలా చూస్తూ ఉంటే కొందరికి వాసన తిరిగి వస్తుందని ఎక్కడో చదివిందట. అతనికి ఏదీ తెలిసేది కాదు. కానీ ఆమె గాజుల చెయ్యి అంత దగ్గరగా వచ్చినప్పుడు, "ఇంకోసారి చూపించండి, ఏదో తెలుస్తున్నట్టుంది," అనేవాడు.

నాలుగోరోజుకి అతని వేళ్ళకి పని పట్టుబడింది. కుకీ అంచు తాకి, "అంచు గట్టిపడింది, నడిమధ్య ఇంకా మెత్తగా ఉంది, తియ్యొచ్చు," అనేవాడు. ఫర్హానా విరిచి చూస్తే ఖచ్చితంగా అలాగే ఉండేది.

శుక్రవారం సాయంత్రం చివరి రెండు ట్రేలు ఓవెన్‌లో ఉండగా అట్టపెట్టెల ఆటో వచ్చింది. ఫర్హానా పరుగెడుతూ, "వాసన రాగానే తీసెయ్యండి," అంది అలవాటుగా.

"సరే," అన్నాడు కలీం. ఏడాదిగా ఎవరేం అడిగినా సరే అనడం అతనికీ అలవాటయింది.

ఓవెన్‌కి వీపు పెట్టి పెట్టెలకి రిబ్బన్లు కత్తిరిస్తూ, ఆమె వచ్చేస్తుందిలే అనుకున్నాడు. పొగ కళ్ళలోకి వచ్చేదాకా తెలియలేదు. ఫర్హానా తిరిగొచ్చేసరికి అరవై కుకీలు నల్లటి బిళ్ళలై ఉన్నాయి.

"అయ్యో, కలీం గారూ," అంది అంతే. ఆ కాస్తకే అతని మొహం మాడిపోయింది. చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫర్హానా మిల్లుకి వచ్చింది. కలీం ఖాళీ గోతాలు దులుపుతున్నాడు. అంతకుముందే దులిపినవే.

"షారోన్ పెళ్ళి సాయంత్రం. అరవై తక్కువున్నాయి. పిండి కలిపాను. ఒత్తేవాళ్ళు లేరు."

"ముక్కులేనివాడు మీ వంటింట్లో ఎందుకండీ? నిన్న చూశారుగా."

"నిన్న తప్పు నాది. టైమర్ పెట్టి వెళ్ళాల్సింది, మర్చిపోయాను. నువ్వూ నోరు తెరిచి, 'నాకు తెలీదు, నువ్వే వచ్చి చూసుకో' అనొచ్చుగా." 'మీరు' కాస్తా 'నువ్వు' అయిన సంగతి ఇద్దరూ గమనించారు. ఆమె వెనక్కి తీసుకోలేదు. "కలీం, ముక్కు నాకొకటుంది, చాలు. నాకు మనిషి కావాలి."

కలీం చేతిలోని గోతాం జారింది.

"ఈ మాట కుకీల కోసమేనా?"

"కుకీలు ఇవాళ్టితో అయిపోతాయి."

అతను గోతాం తీసి పక్కన పడేశాడు. తర్వాత అన్నాడు, "నువ్వు పద. ముందు నాన్నతో ఒక మాట చెప్పి వస్తా. నీకు చెప్పినంత తేలిగ్గా ఆయనకి చెప్పలేకపోయాను."

ఆమె మొదటి ట్రే పెడుతుండగా కలీం వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనకే చేతికర్ర ఊతంతో ఇమాం హుస్సేన్. ఖుర్షిదా గబగబా టీవీ కట్టేసి కుర్చీ వేసింది.

"కూర్చోండన్నయ్యా. ఈ మోకాలితో ఎందుకొచ్చారు?"

"కోపంతో వచ్చానమ్మా. వీడి ముక్కు పోయినందుకు కాదు. ఏడాదిగా నాముందు కాయ తుంచి, పీల్చి, బాగుంది నాన్నా అని నటించాడు. నేను కసురుతానని భయపడ్డాడట." ఆయన చేతికర్ర కుర్చీకి ఆనించాడు. "అంత భయపెట్టేవాణ్ణా నేను?"

కలీం తండ్రి పక్కన నేలమీద కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆయన ఆ చేతిని తీసేయలేదు.

"అమ్మాయీ, వాడు ఇంకోమాట కూడా చెప్పాడు," అన్నాడు ఫర్హానాతో. "రేపు నువ్వేం వండినా వీడికి ఘుమఘుమ తెలీదు. బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నానండీ. కానీ పెళ్ళయ్యాక కూడా నా బేకింగ్ ఆగకూడదు."

"ఎందుకాగుతుంది? ఈ ఇంటి కరెంటు పెద్ద ఓవెన్‌కి చాలదు. మిల్లులో త్రీ ఫేజ్ లైనుంది. పక్కగది ఖాళీ. కారం ఘాటు రాకుండా మధ్యలో గోడ కట్టించుకుంటే సరి." ఆయన ఖుర్షిదా వైపు తిరిగాడు. "ఏమ్మా, పిల్లనిస్తావా?"

ఖుర్షిదా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "వారం రోజులుగా టీవీ సౌండు తగ్గించి వింటున్నానన్నయ్యా. నాకు కొత్తగా చెప్పేదేముంది?"

ఫర్హానా సిగ్గుతో గిర్రున వంటింట్లోకి తిరిగింది. కలీం లేచి వెనకే వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, పిండి ముందుకు లాక్కున్నాడు.

"ఇంకెన్ని?"

"ముప్ఫై. మెల్లగా ఒత్తు."

"ఇప్పుడు అలిగితే వీపు నిమరనిస్తావా?"

"అలిగినప్పుడు చూద్దాం," అంటూ అతని ముక్కు కొనకి మైదా పూసింది ఫర్హానా.