రెండువందల డాలర్ల మసి

"ఫిల్టర్ ఏ డబ్బాలో పెట్టావు?"

"వంటింటి డబ్బాలో."

"ఇక్కడున్నవన్నీ వంటింటి డబ్బాలే. అందులో ఏది?"

"పేర్లు రాస్తానంటే మీరే వద్దన్నారు. టేప్ వేసింది కూడా మీరే," అంది నమ్రత, అలమర అడుగున పరిచిన కాగితం పీకుతూ.

"పొద్దున లేస్తే కాఫీ తాగుతామన్న సంగతి కూడా నేనే గుర్తు పెట్టుకోవాలా? ఇంట్లో రోజంతా ఉండేది నువ్వు," అన్నాడు వినీత్.

వినీత్ తల్లి జ్ఞానప్రసూన రెండు పేపర్ కప్పులతో వచ్చింది. "ఇన్‌స్టంట్ కలిపాను. తాగండి. మిగతా పోట్లాట అల్ఫారెట్టా వెళ్ళాక పెట్టుకుందురు గాని."

నమ్రత నవ్వింది. వినీత్ నవ్వలేదు. కప్పు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మార్చిలో వినీత్ ఉద్యోగం పోయింది. వీసా గడువు దాటకముందే అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో ఇంకో ఉద్యోగం దొరకడం అదృష్టమే అయినా, జీతం తక్కువ. అక్కడి అపార్ట్‌మెంట్ వాళ్ళు మొదటి నెల అద్దె, డిపాజిట్ ముందే కట్టమన్నారు. క్రెడిట్ కార్డులు అప్పటికే నిండిపోయాయి. ఇక ఆశంతా ఇప్పుడు ఖాళీ చేస్తున్న ఈ బాతెల్ అద్దె ఇంటి డిపాజిట్ మీదే, మూడువేల రెండువందల డాలర్లు.

ఇంటి ఓనర్ రాజారావు తెలుగాయనే. మూడేళ్ళ కిందట తాళాలు ఇచ్చిన రోజు, ఏ గోడ ఎలా ఉందో రాసుకుని సంతకాలు పెట్టుకుందామని నమ్రత అడిగితే, ఆయన భార్య రేణు నొచ్చుకుంది. "మనవాళ్ళ మధ్య కాగితాలేమిటమ్మా!" అంది. వినీత్ కూడా నమ్రత వైపు విసుగ్గా చూశాడు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఈ రోజు కూడా, వంటిల్లు సర్దేశారు కదా, రాత్రి భోజనానికి మా ఇంటికి వచ్చేయండని రేణు ముందే పిలిచింది.

పది గంటలకి ఆవిడ ఇల్లు చూసుకోవడానికి వచ్చింది. వెంట భర్త లేడు. చేతిలో ఫోన్, అందులో టార్చ్ లైటు.

అమెరికన్ ఓనర్ అయితే గోడలు చూసి, కార్పెట్ చూసి, థాంక్యూ చెప్పి వెళ్ళేవాడు. ఎక్కడెక్కడ చూడాలో రేణుకి తెలుసు. స్టౌ పైనున్న చిమ్నీ అడుగున వేలుపెట్టి రాసి, ఆ వేలు వాసన చూసింది. గ్రైండర్ పెట్టే మూలన వంగి చూసింది. కార్పెట్ మీద మోకాళ్ళు ఆనించి, "ఇంగువ వాసన పట్టేసింది నమ్రతా. ఇది మార్పిస్తే తప్ప పోదు," అంది.

"మీ ఇంట్లో వేయరా వదినా ఇంగువ?"

"వేస్తాం. అది మా కార్పెట్ కదమ్మా," అంది రేణు నవ్వుతూ.

చివరికి జ్ఞానప్రసూన పడుకునే గదిలో క్లోజెట్ తలుపు తెరిచింది. బట్టలు తీసేసిన పై అర మీద దేవుడి పటాలు ఇంకా ఉన్నాయి. టార్చ్ పైకి ఎత్తింది. తెల్లటి కప్పు మీద పళ్ళెమంత నల్లటి మరక.

"అయ్యో! దీపం పెట్టారా ఇందులో? ఇదంతా పెయింట్ వేయించాలి వినీత్. అయిదువందలకి తక్కువ అడగరు."

వినీత్ మొహం ఎర్రబడింది. తల్లి వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు? బ్యాటరీ దీపం కొనిచ్చాను కదా! నీ భక్తికి నేను డబ్బు కట్టాలా?"

జ్ఞానప్రసూన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. ఒకరి ముందు మాట పడటం ఆవిడకి అలవాటు లేదు.

"హాల్లో దీపం పెడితే పొగ అలారం మోగుతోందని, క్లోజెట్లో పెట్టుకోమన్నది మీరే," అంది నమ్రత.

"నువ్వు మధ్యలో రాకు."

"పోనీలే వినీత్, పెద్దావిణ్ణి ఏమీ అనకు," అంది రేణు, ఏదో దయతలచినట్టు. "పిన్నిగారినే ఓసారి తుడిచి చూడమను. పోయినంత పోతుంది. ఓ రెండువందలు తగ్గిస్తాను."

వినీత్ వంటింట్లోంచి స్టూలు తెచ్చాడు. తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

"నేను తుడుస్తాను," అని నమ్రత ముందుకొచ్చింది.

"నువ్వు ఫ్రిజ్ క్లీన్ చెయ్యి. మధ్యాహ్నానికి అవ్వాలి. పాడు చేసినవాళ్ళు తుడుస్తారు."

జ్ఞానప్రసూన స్టూలు క్లోజెట్లోకి జరిపింది. దేవుడి పటాలు ఒక్కొక్కటీ తీసి మంచం మీద పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఫ్రిజ్ వైపు వెళ్ళకుండా అక్కడే నిలబడ్డ కోడలి భుజం పట్టుకుని స్టూలు ఎక్కింది. తడిగుడ్డ ఆనించగానే మసి కరిగి గోడ వెంట నల్లగా కారింది. తుడిచినకొద్దీ వెడల్పయింది. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఒకసారి కాలు తూలితే నమ్రత నడుము దగ్గర పట్టుకుంది.

రేణు తలుపుకి ఆనుకుని చూస్తూ నిలబడింది. "ఆ మూలన ఇంకా ఉంది పిన్నిగారూ," అంది.

హంసిక పరుగెత్తుకొచ్చి, "నానమ్మా, హ్యాండ్స్ అన్నీ బ్లాక్ అయిపోయింది!" అని అరిచింది. "కడుక్కుంటే పోతుందిలే తల్లీ," అంది జ్ఞానప్రసూన పైనుంచి, కిందకి చూడకుండానే.

సాయంత్రం నమ్రత, "మనం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళక్కర్లేదు. ఏదైనా తెప్పించుకుందాం," అంది.

"చెక్కు ఇంకా చేతికి రాలేదు. తెలుస్తోందా? వెళ్ళకపోతే ఆవిడ ఇంకో రెండు మరకలు కనిపెడుతుంది."

"అత్తయ్యగారి మొహం చూశారా?"

"అమ్మకి నేను తర్వాత చెప్పుకుంటాను."

జ్ఞానప్రసూన అప్పటికే చీర మార్చుకుని సోఫా లేని హాల్లో నిలబడి ఉంది. "పదండి, వాళ్ళు ఎదురుచూస్తారు," అంది.

రేణు వంట బాగా చేస్తుంది. గుత్తివంకాయ, పప్పుచారు, గారెలు. అందరినీ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించింది. రాజారావు పెరుగన్నం దాకా ఆగలేదు. చొక్కా జేబులోంచి చెక్కు తీసి వినీత్‌కి ఇచ్చాడు. "పదహారువందలు, తమ్ముడూ. కార్పెట్, స్టౌ, క్లోజెట్ పోగా. మీ వదిన చెప్పినట్టే లెక్క వేశాను."

సగం. వినీత్ ఆ అంకె రెండుసార్లు చదువుకున్నాడు. అయినా చెక్కు మడిచి జేబులో పెట్టుకుని, "థాంక్స్ అన్నయ్యా," అన్నాడు.

"అందులో రెండువందలు పిన్నిగారి కూలి!" అంది రేణు, జ్ఞానప్రసూన కంచంలో గారె వేస్తూ. "ఏమనుకున్నారో గాని, స్టూలెక్కి ఏం తుడిచారండీ! ఈ వయసులో కూడా గంటకి వంద డాలర్లు సంపాదిస్తున్నారు. మన వినీత్ కన్నా నయం!"

రాజారావు పగలబడి నవ్వాడు. వినీత్ కూడా నవ్వాడు. చిన్న నవ్వు కాదు, తల వెనక్కి వాల్చి, ఆయనతో సమానంగా నవ్వాడు.

నమ్రత చెయ్యి కంచంలో ఆగిపోయింది.

జ్ఞానప్రసూన ఆ గారె ముట్టుకోలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగి, "వినీత్, నాకు అట్లాంటాకి తీసిన టికెట్ కాన్సిల్ చెయ్యి," అంది. "ఇక్కణ్ణించే హైదరాబాద్ వెళ్ళిపోతాను. నల్లకుంటలో నా ఫ్లాట్ ఉంది, తాళం నా దగ్గరే ఉంది."

గరిటె పట్టుకుని రేణు అలాగే నిలబడింది.

"అమ్మా, పొద్దున స్టూలెక్కించానని కోపమా? డిపాజిట్ టెన్షన్‌లో ఏదో..."

"అది కాదు. చేతిలో డబ్బు లేదు, భయపడ్డావు. నాకు అర్థమైంది, అందుకే ఎక్కాను. ఇప్పుడు చెక్కు నీ జేబులో ఉంది. ఇప్పుడెందుకు నవ్వావు?"

వినీత్ ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని తల దించుకున్నాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. కన్నీళ్ళు కంచంలో పడుతున్నా తుడుచుకోలేదు. జ్ఞానప్రసూన పక్క కుర్చీలోంచి చెయ్యి చాచి వాడి వీపు మీద వేసింది. తీసేయలేదు. అన్న మాట కూడా వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు లేకపోతే నమ్రత జాబ్ ఎలా అమ్మా? హంసికని చూసుకోవడానికి నువ్వుంటావనే కదా ఒప్పుకుంది," అన్నాడు గద్గదంగా.

అప్పుడు మాత్రం జ్ఞానప్రసూన తడబడింది. కోడలి వైపు చూసింది. హంసిక పుట్టాక నమ్రతకి వచ్చిన మొదటి ఉద్యోగం అది, అదీ అల్ఫారెట్టాలోనే. వచ్చే సోమవారం నుంచే చేరాలి. ఆఫర్ వచ్చిన రోజు అత్తాకోడళ్ళిద్దరూ కలిసి పరమాన్నం వండుకున్నారు.

నమ్రత మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఉద్యోగంలో నేను చేరతాను," అంది భర్తతో. "హంసికని స్కూల్లో దింపడం, తీసుకురావడం మీ పని. కుదరదంటే కొత్త ఆఫీసులో మీరే అడిగి కుదుర్చుకోండి. టికెట్ ఈ రాత్రే నేను మారుస్తాను. అత్తయ్యగారు హైదరాబాద్ వెళ్తారు."