అతుకు వేసిన చీకటి

మిట్టమధ్యాహ్నమైనా ఆ గదిలో చీకటే. కిటికీలు లేవు. గోడంతా తెరలు, యంత్రాల హోరు, వేడెక్కిన దుమ్ము వాసన. టెలిస్కోపు తీసిన లక్షల ఫొటోలను కుట్టి ఒకే ఆకాశంగా చేసిందిక్కడే. మౌసు చక్రం తిప్పితే చాలు, ఏ చుక్క దగ్గరికైనా పోవచ్చు.

కుట్టినవాడు అన్నయ్య. ఏళ్ల తరబడి కుట్టీ కుట్టీ ఈ కుర్చీలోనే ప్రాణం వదిలాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఇక్కడ ఆ మాటైనా అన్న పాపాన పోలేదు ఎవరూ. బొమ్మ కింద పెద్దసారు తన పేరు వేసుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. చెల్లెలు నోరెత్తలేదు. అన్నయ్య ఉద్యోగం ఆమెకిచ్చారు మరి. ఆ జీతంతో అన్నం తిన్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం.

కెమెరా చూడని చోట్ల బొమ్మలో ఖాళీలు మిగిలాయి. "చూడనిదాన్ని చూసినట్టు చూపించకూడదే," అనేవాడు అన్నయ్య. వాటి జోలికి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. ఈ సాయంత్రం బొమ్మ ఆవిష్కరణ, చిల్లులు కనపడితే పరువు పోతుందని పెద్దసారు ఒకటే తొందర. ఆమె వస్తూనే చేతిసంచి కుర్చీ వెనక తగిలించి పనిలో పడింది. చుక్కల్లేని చీకటి ముక్క ఒకటి కత్తిరించి, ఖాళీలన్నిట్లో అదే అతికించేసింది.

అతుకు తెలుస్తుందేమోనని ఒకదాన్ని పెద్దది చేసి చూసింది. కొంత పోయాక బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవాలి. విడిపోలేదు. ఇంకా తిప్పింది... ఇంకా... చీకట్లో ఒక గది. కుర్చీ. అటు తిరిగి కూర్చున్న మనిషి. మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు.

అన్నయ్యే.

ఆమె గబగబా దాన్ని మూసేసింది. ఇంకో అతుకు తెరిచింది. అదే గది. తల కాస్త ఇటు తిరిగింది. మరొకటి... చెంప కనపడింది. ఇంకొకటి... సూటిగా ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది.

"అన్నయ్యా... నీ పేరు పెట్టిస్తా," అని గొణిగింది.

తలుపు తెరుచుకుంది. పెద్దసారు తల లోపలికి పెట్టాడు.

"అయిందా అమ్మాయ్? అతిథులొచ్చేశారు. మీ అన్న పేరు ఎక్కడా మిగల్లేదుగా?"

ఆమె తెర వైపు చూసింది. ఒకటో తారీఖు గుర్తొచ్చింది.

"లేదు సార్."

ఆయన వెళ్లిపోయాడు. తెర మీద కుర్చీ ఖాళీ. అన్ని అతుకుల్లోనూ ఖాళీయే. కుర్చీ వెనక మాత్రం ఏదో వేలాడుతోంది... ఆమె చేతిసంచి.

చెయ్యి వెనక్కి పెట్టి తన కుర్చీని తడుముకుంది. సంచి లేదు.

వేళ్లకు చిరిగిన ఉన్ని తగిలింది. వెచ్చగా ఉంది.