నాలుగో వైరు

ఆ మధ్యాహ్నం నేను మహా హుషారుగా ఉన్నాను. రేకులు వంచే మా పెద్ద ప్రెస్సు ఏడాదిగా మూలన పడుంది, మళ్ళీ లేవబోతోంది మరి! వాన జల్లు కొడుతోందని షెడ్డు షట్టర్లు దించేశాం. లోపల చీకటి, తడి ఇనుము వాసన. ఉన్నది నేనూ, మా బావమరిదీ. బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఒకటే మాట అంది, "మా తమ్ముడు జాగ్రత్త."

నా చదువు పదో తరగతి దాకానే. నాకర్థమైనంత చెప్తాను. స్విచ్ వేయగానే మిషన్లో ముందు లేచేది బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రాము. ప్రెస్సుని నడిపే అసలు ప్రోగ్రాము, అదే ఫర్మ్‌వేర్, ఎక్కడుందో వెతికి తెచ్చి ఎక్కించడం దాని పని. ఈ బూట్‌లోడర్ మా వాడు రాసిందే.

"ముందు మెమరీ కార్డులో చూస్తుంది బావా. లేకపోతే కేబుల్లో. అక్కడా లేకపోతే ఉన్న వైర్లన్నిట్లో కేకేస్తుంది. ఎవరు పలికితే వాళ్ళ దగ్గర తీసుకుంటుంది."

"ఎవరో ఏమిటో అడగదట్రా?"

"అది తీసేశా. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాలంటే విసుగు."

"మీ అక్క నయం. నేను ఆలస్యమైతే నాలుగు ప్రశ్నలేసి గానీ తలుపు తియ్యదు!"

ఇద్దరం పడీపడీ నవ్వాం.

కార్డు ఇంకా వాడి జేబులోనే ఉంది. "ప్రోగ్రామే లేదు, కదల్దులే" అని, పైనుంచి పడి రేకుని వంచే అచ్చు కింద కుడిచెయ్యి పెట్టి తుడుస్తూ, స్విచ్ వేయమన్నాడు. వేశాను.

తెర మీద ఒక్కొక్కటే వచ్చాయి.

కార్డు: లేదు.

కేబుల్: లేదు.

వైరు 4: దొరికింది.

నాలుగో వైరు పాత పెడల్‌ది, కాలితో తొక్కితే అచ్చు పడేది. నిరుడు పెద్దమేస్త్రి ఆ అచ్చు కిందే నలిగి చచ్చిపోయాక నేనే కోసేశాను. కొసకి టేపు చుట్టి గోడకి వేలాడదీశాను. ఆయనకో పద్ధతుండేది. చెయ్యి బయటికి తీశాక ప్రెస్సు పక్కన రెండుసార్లు తట్టేవాడు. అప్పుడే నేను పెడల్ తొక్కాలి.

ఆ రోజు ఆయన తట్టేదాకా నేను ఆగలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఠక్... ఠక్.

ప్రెస్సు లోపల్నుంచి...

"ఏంటి బావా అది?" గుసగుసగా అన్నాడు.

"చెయ్యి తియ్..."

పడింది. ఎముక ఫెళ్ళుమంది. వేడి నెత్తురు నా మొహాన చిమ్మింది. అచ్చు లేచింది. మళ్ళీ పడింది. మెయిన్ ఆపేశాను... ఆగలేదు. సుత్తితో బోర్డుని తుక్కుతుక్కుగా కొట్టాను... మళ్ళీ పడింది. గోడ మీది వైరు పట్టుకుని పీకాను. టేపు కింద తడిగా, వెచ్చగా తగిలింది.

అప్పుడాగింది.

వాడు బతికాడు. కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. వాడు పనిలో చేరింది పెద్దమేస్త్రి పోయాకే, ఆయన తట్టే సంగతి వాడికి తెలీదు.

ఆసుపత్రిలో మూడో రోజు, మా ఆవిడ నా వైపు చూసింది.

"ఏమండీ, వీడు నిద్రలో మంచం తడుతున్నాడేంటి? రెండేసిసార్లు?"

వాడి ఎడమచెయ్యి నా చేతిలోనే ఉంది. చప్పుడు కుడివైపు నుంచి వస్తోంది...

ఠక్... ఠక్.

నా కాలు దానంతటదే లేచింది.