మెతుకు ముట్టని రాక్షసుడు

పొగడపురాన్ని ఏలే చండకేతు మహారాజుకు కోపం ముక్కు మీద ఉండేది. ఆయన దగ్గర ఒక మంత్రదండం ఉండేది. దాన్ని చాచి "దోషి" అంటే చాలు, ఎదుటివాడు శిల అయిపోయేవాడు. అతడు నిజంగా తప్పు చేశాడో లేదో దండానికి అనవసరం.

ఒకనాడు రాణిగారి రత్నహారం పోయింది. ఖజానా కిటికీ కింద సత్రం వంటవాడు బొప్పన గరిటె దొరికింది.

"ఈ కిటికీలోంచే దూరాడు. దోషి!" అన్నాడు రాజు. పాపం, బొప్పన ఏదో చెప్పబోయి, తెరిచిన నోరు తెరిచినట్టే శిల అయిపోయాడు.

అతడి కూతురు పేరిందేవి ఏడుస్తూ వెళ్లి కొండ మీది మునికి మొక్కింది.

"ముగ్గురు కూర్చుని, అంతా విచారించి, ఒక్క మాటగా నిర్దోషి అనాలి తల్లీ. వాళ్లు మీ నాన్న చేతి వంట తిన్నవాళ్లూ కాకూడదు, ఆయనతో పగ ఉన్నవాళ్లూ కాకూడదు. పౌర్ణమి దాటితే ఆయన ఎప్పటికీ శిలే," అన్నాడు ముని.

ఆ రాజ్యంలో బొప్పన పులుసు తాగని మనిషి లేడు. పేరిందేవి అడవి దారి పట్టింది.

ఏటిలో మొసలి నోరు తెరిచింది. "తిందువుగాని, ముందు మా నాన్న తగవు విను. నీకేం తోస్తే అది చెప్పు," అంది పేరిందేవి. మొసలి ఆశ్చర్యపోయి వెంట వచ్చింది. గుట్ట దగ్గర ఎలుగుబంటి కూడా అలాగే వచ్చింది. చివరికి గుహలో రాక్షసుడు ఎదురయ్యాడు.

"నన్నా అడుగుతున్నావు? నీకేం తోస్తుందని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదే పిల్లా!" అంటూ వాడు కళ్లు తుడుచుకున్నాడు.

పౌర్ణమినాడు రాజు ఎదుట సభ తీరింది. పేరిందేవి కన్నీళ్లు చూసి మొసలీ ఎలుగూ వెంటనే "నిర్దోషి" అన్నాయి.

"నేననను," అన్నాడు రాక్షసుడు.

పేరిందేవి వాడికి ఆకలి వేస్తోందేమోనని అన్నం పెట్టబోయింది.

"తీర్పయ్యేదాకా మీ ఇంటి మెతుకు ముట్టను. నువ్వు ఏడ్చావని అనమంటే ఎలా? ముందు ఆ కిటికీ చూపించండి!"

వాడు బొప్పన శిలను భుజాన వేసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. సభంతా వెంట వెళ్లింది. శిలను అందులోకి తోశాడు. తల దూరింది, భుజాలు దూరలేదు. పక్కకు తిప్పితే బొజ్జ అడ్డుపడింది.

"దొంగ ఎవరో నాకు తెలియదు. ఈయన మాత్రం కాదు. నిర్దోషి!" అన్నాడు. అది కళ్లారా చూసిన మొసలీ ఎలుగూ కూడా మళ్లీ అదే మాట అన్నాయి.

"ఎవరయ్యా నన్ను తోస్తున్నది?" అని కిటికీలోంచి బొప్పన గొంతు వినిపించింది. పేరిందేవి తండ్రిని బయటికి లాగి కావలించుకుంది.

"హారం పోవడానికి వారం ముందే నా గరిటె పోయింది మహారాజా. ఆ రోజు అదే చెప్పబోయాను," అన్నాడు బొప్పన.

రాజు సిగ్గుతో తల దించుకున్నాడు. దండాన్ని తన చేత్తోనే విరిచేశాడు. ఇకపై ఏ తగవైనా ఏ పక్షానికీ చెందని ముగ్గురు విని తీర్పు చెప్పాలని చాటింపు వేయించాడు.

ఆ పూట బొప్పన స్వయంగా వండాడు. "మీరు లేకపోతే మా నాన్న లేడు. మీ మేలు ఎన్నటికీ మరువను," అంటూ పేరిందేవి ముగ్గురికీ వడ్డించింది.

రాక్షసుడు పులుసు జుర్రుకుని కళ్లు మూసుకున్నాడు. "పిల్లా, ఇక మీ నాన్న తగవుకు నేను పనికిరాను," అంటూ విస్తరి మళ్లీ ముందుకు జరిపాడు.