ఐదు వందల బావులు ఎక్కువ

చెప్పులు విడవకుండా, కారుతున్న గొడుగుతో కంప్యూటర్ గదిలోకి రాబోయిన మనిషిని భూలక్ష్మి గుమ్మంలోనే ఆపేసింది. బోరబండ దాటాక గుట్టల మధ్య ఆ సెంటర్ పెట్టి రెండేళ్లయింది. అది డెబ్బై ఆరో సంవత్సరం. ఆ యంత్రానికి జరిగే మర్యాద అక్కడ ఏ ఆఫీసరుకూ జరగదు. దానికి దుమ్ము పడదు, తడి పడదు, ఎండ అసలే పడదు. వచ్చినతను బుద్ధిగా చెప్పులు విప్పాడు గానీ, ఆ తర్వాత అన్న మాటకే ఆమెకు ఒళ్లు మండింది.

అతను పార్థసారథి, బందరు వాడు. బావుల సర్వే ఆఫీసులో ఉద్యోగం. ముప్పై వేల ఐదు వందల బావుల వివరాలు బావికో కార్డు చొప్పున చిల్లులు కొట్టించి పంచ్ చేయించాడు. కార్డుకు ఎనభై అక్షరాలు. మీ డిస్క్ ఆరు వందల కె అట కదండీ, అంటే ఆరు లక్షల అక్షరాలే కదా, ఊరి నంబరూ బావి లోతూ ఉంచి రైతు పేరుతో సహా మిగతాదంతా కొట్టేయండి అన్నాడు.

"పేరు కొట్టేస్తే బాయి ఎవలిదని చెప్తరు సార్?" అంది భూలక్ష్మి. "ఆరు వందల కె అంటే అక్షరాలు కాదు, వర్డులు. మా మెషిన్ల ఒక్క వర్డుల నాలుగు అక్షరాలు పడ్తయి. కె అంటే వెయ్యి గూడ కాదు, వెయ్యి ఇరవై నాలుగు."

అక్కడికక్కడే గుణించి చూపింది. డిస్కులో పట్టేవి ఇరవై నాలుగు లక్షల యాభై ఏడు వేల ఆరు వందల అక్షరాలు. కార్డులకు కావలసినవి ఇరవై నాలుగు లక్షల నలభై వేలు. జర కూడా ఫికర్ చెయ్యకుర్రి అని, అన్నీ పడతాయని రాసి సంతకం పెట్టి ఇచ్చింది. అతను ఆ కాగితం కంటే ఆమెనే ఎక్కువసేపు చూశాడు.

ఆ సంతకం చిన్నది కాదు. ఏడాదిన్నర కార్డులు పంచ్ చేసిన అమ్మాయికి సెంటర్ పెద్ద సోమేశ్వరరావు ఆరు నెలల పరీక్ష మీద ప్రోగ్రామర్ కుర్చీ ఇచ్చాడు. ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇదే. ఇది చెడిపోతే మళ్లీ పంచింగ్ హాలుకే.

ఆ తర్వాత పార్థసారథి రోజూ వచ్చాడు. ప్యూను చేతికిచ్చి పంపగలిగిన కాగితాన్ని కూడా తానే మోసుకొచ్చేవాడు. అతను నుయ్యి అంటే ఆమె నవ్వేది. వారం తిరిగేసరికి బాయి అనడం నేర్చుకుని, అది కూడా తప్పుగా పలికి, ఇంకా నవ్వించాడు. రాళ్లు కొట్టే పోచయ్య కూతురినని ఆమె చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. ఈ లెక్కలన్నీ ఎలా నేర్చుకున్నారని శ్రద్ధగా అడిగాడు. అతను రాని రోజు గది మరీ చల్లగా ఉందని ఆమెకు తోచడం మొదలైంది.

కార్డులు ఎక్కించడానికి ఒక్కరోజు ముందు అతను తడిసి ముద్దయి పరుగున వచ్చాడు. చేతిలో డిస్క్ తయారుచేసినవాళ్ల పుస్తకం ఉంది. యంత్రం మెమరీకి కె అంటే వెయ్యి ఇరవై నాలుగే, కానీ డిస్కు దగ్గర వాళ్లు కె అంటే ఉత్త వెయ్యిగానే లెక్కగట్టారు. అంటే డిస్కులో పట్టేవి ఇరవై నాలుగు లక్షల అక్షరాలు, అంతే. సరిగ్గా ఐదు వందల బావులు బయటే ఉండిపోతాయి.

"ఆ ఐదు వందల కార్డులు మా ఆఫీసులోనే తప్పిపోయాయని రాసిస్తానండి. మీ పేరు ఎక్కడా రాదు," అన్నాడు మెల్లగా.

భూలక్ష్మికి తన కోసం ఒక మనిషి ఇంత ఆలోచించినందుకు సంతోషమైంది, తప్పు దాచుకునే మనిషిననుకున్నందుకు కోపమూ వచ్చింది.

"వద్దు సార్. తప్పు నాది. పెద్దసారుకు నేనే చెప్త."

కార్డు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. చివరి ఎనిమిది గళ్లలో ఉన్నది వరుస నంబరు. ట్రే చెయ్యి జారి కార్డులు చెల్లాచెదరైతే మళ్లీ సర్దుకోవడానికే అది. డిస్కులోకి వరుసగా ఎక్కాక దానితో పనేముంది? ఎనభై కాదు, డెబ్బై రెండు అక్షరాలే ఎక్కిస్తే చాలు. మొత్తం ఇరవై రెండు లక్షలు కూడా దాటవు. ఒక్క రైతు పేరూ పోదు.

సోమేశ్వరరావు ముందు నిలబడి మొదట తప్పు చెప్పింది, తర్వాత దారి చెప్పింది. ఆ తప్పు పట్టుకున్నదెవరని ఆయన అడిగాడు. ఈ బావుల సారే అని ఆమె వెంట వచ్చిన పార్థసారథిని చూపింది. ఆయన ఇద్దర్నీ కళ్లద్దాల మీదుగా చూసి, కొత్త కాగితం మీద ఆమె చేతనే సంతకం పెట్టించాడు. మర్నాడు మధ్యాహ్నానికి బావులన్నీ ఎక్కేశాయి. సాయంత్రం ఆయన ఇంకో ఆఫీసు వాళ్ల ఫైలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, ఆ కుర్చీ ఇక నీదే అని చెప్పి వెళ్లాడు.

బయట వరండాలో వాన చూస్తూ పార్థసారథి నిలబడి ఉన్నాడు.

"పని అయిపోయిందండి. రేపట్నుంచి నాకు సాకు లేదు."

"సాకు లేకుంటే రారా?"

"వస్తాను. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉంది. మీరు ఊఁ అంటే మీ నాన్నగారితో మాట్లాడతాను."

ఆమె తల దించుకోలేదు. ఈ మాట కోసం తానూ వారం నుంచి ఎదురుచూస్తున్నానని ఆమెకు తెలుసు.

"మీరు మాట్లాడకుర్రి. ముందుగాల నేనే చెప్త. బందరు పిల్లగాడు నాకు నచ్చిండని చెప్త. ఆదివారం రాండ్రి."

ఆదివారం పోచయ్య ఒక పూటంతా గొడవ చేశాడు. ఎక్కడి బందరు, ఎక్కడి బోరబండ అన్నాడు. కూతురు ఎదురుగా కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పింది. తన తప్పు సంగతి, దాన్ని అతను ముందుగా తనకే వచ్చి చెప్పిన సంగతి కూడా దాచలేదు. చివరికి పోచయ్య, గడప దగ్గర ఇంకా నిలబడే ఉన్న పార్థసారథి వైపు చూసి, ఇంకో కంచం పెట్టమని భార్య బుచ్చమ్మతో చెప్పాడు.